ఆర్వీ వేసుకుని సుపీరియర్ ఒడ్డుకి: దారిలో రిపేర్లు, క్యాంపింగ్, కనూ

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో ఎండలు మొదలవగానే వినిపించే మాట, "ఈసారి ఆర్వీ అద్దెకి తీసుకుందాం". ఆర్వీ అంటే మంచాలు, వంటగది, బాత్రూం అన్నీ ఉన్న ఇల్లులాంటి బండి. వెళ్ళొచ్చాక "ఇంకోసారి వద్దు బాబోయ్" అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని కదిపితే వచ్చే కథ ఇంచుమించు ఒకటే. కుళాయిలో నీళ్ళు రాలేదు, ఫ్రిజ్ చల్లబడలేదు, అర్ధరాత్రి బ్యాటరీ అయిపోయి హీటర్ ఆగిపోయింది. మా మొదటి ట్రిప్పులో ఈ మూడూ జరిగాయి. మూడింటిలో ఒక్కటి కూడా నిజంగా పాడవలేదని తర్వాత తెలిసింది. ఆర్వీలో వస్తువు ఆగిపోతే, ముందు దానికి కావలసింది అందుతోందా లేదా చూడాలి. నీళ్ళా, కరెంటా, గ్యాసా, బండి చదునుగా ఉండటమా? ఈ నాలుగూ చూశాకే మెకానిక్‌కి ఫోన్ చేయాలి. కింద రాసిందంతా ఆ లెక్కలోనే చదవండి.

దారి ముందు, బండి తర్వాత

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పే దారి ఇది. మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల నుంచి డులూత్ సుమారు 150 మైళ్ళు. అక్కడి నుంచి హైవే 61 పట్టుకుంటే కుడిచేతి పక్కన సుపీరియర్ సరస్సు, ఎడమచేతి పక్కన అడవి. దారిలో గూస్‌బెర్రీ జలపాతాలు, 1910లో వెలిగించిన స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్, టెటగూష్ స్టేట్ పార్కు వస్తాయి. డులూత్ నుంచి 110 మైళ్ళు వెళితే గ్రాండ్ మరే. అక్కడ ఎడమకి తిరిగితే గన్‌ఫ్లింట్ ట్రెయిల్. అడవిలోకి 57 మైళ్ళు వెళ్ళి ఆగిపోయే తారు రోడ్డు అది. కనూలన్నీ, అంటే తెడ్లతో నడిపే సన్నటి పడవలన్నీ, అక్కడే.

తారు రోడ్డు అని ఊరికే అనలేదు. అద్దె ఆర్వీని మట్టిరోడ్డు ఎక్కించకూడదని చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది. గన్‌ఫ్లింట్ మెయిన్ రోడ్డు తారుదే అయినా కొన్ని క్యాంప్‌గ్రౌండ్లకి పక్కదారి కంకరది. బుక్ చేసేముందు అది చూసుకుని, అద్దెకిచ్చేవాళ్ళని అడగండి.

మిన్నెసోటా స్టేట్ పార్కుల్లో చోట్లు 120 రోజుల ముందు తెరుస్తారు, వారాంతాలు తొందరగా అయిపోతాయి. ఇంకో సంగతి, గూస్‌బెర్రీ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు ప్లగ్గు ఉండదు. గ్రాండ్ మరేలో ఊరివాళ్ళు నడిపే క్యాంప్‌గ్రౌండ్ సరస్సు ఒడ్డునే ఉంది. అక్కడ కరెంటు, నీళ్ళు, మురుగు గొట్టం మూడూ దొరుకుతాయి. కాబట్టి ఒక రాత్రి కరెంటు లేనిచోట, తర్వాతి రాత్రి ఉన్నచోట వచ్చేలా వేసుకోండి. మొదటి ట్రిప్పుకే వరసగా మూడు రాత్రులు కరెంటు లేకుండా ఉండబోకండి.

మే చివర, జూన్‌లో దోమలు, బ్లాక్ ఫ్లైలు అనే కరిచే చిన్న ఈగలు వదలవు. పిల్లల స్కూళ్ళు తెరవకముందు, ఆగస్టు చివరి రెండు వారాలు నా ఓటు.

బండి చేతికిచ్చే గంట

నలుగురైదుగురు కుటుంబానికి 25 అడుగుల లోపు క్లాస్ సీ చాలు. డ్రైవరు నెత్తిమీద మంచం ఉండే రకం. మామూలు లైసెన్సుతోనే నడపొచ్చు. మీ కారు ఇన్సూరెన్సు, క్రెడిట్ కార్డు ఇన్సూరెన్సు దీనికి వర్తిస్తాయని అనుకోకండి, చాలావాటిలో వర్తించదు. ఫోన్ చేసి అడిగి తెలుసుకోండి.

బండి చూపించే మనిషి పది నిమిషాల్లో ముగించాలని చూస్తాడు. మీరు తొందరపడకండి. ఫోన్‌లో వీడియో పెట్టి అతను చెప్పేదంతా తీసుకోండి. అడగవలసినవి ఇవి: ఫ్యూజుల పెట్టె ఎక్కడ? బ్రేకర్లు ఎక్కడ? గ్యాసు సిలిండరు వాల్వు ఏది? నీళ్ళ పంపు ఏ మంచం కింద ఉంది? మురుగు వాల్వుల్లో బ్లాక్ (టాయిలెట్‌ది) ఏది, గ్రే (సింకు, స్నానాల నీళ్ళది) ఏది? పక్కకి జరిగే గది, అదే స్లయిడ్ అవుట్, మోటారు ఆగితే చేత్తో ఎలా లోపలికి తేవాలి? ఈ చివరి ప్రశ్న మేము మొదటిసారి అడగలేదు. రెండోసారి అడిగితే చూపించే అతనికే తెలియలేదు, లోపలికి వెళ్ళి ఇంకొకర్ని తీసుకొచ్చాడు.

టైర్ల గాలి బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు పక్కన DOT అనే అక్షరాల వెంట వచ్చే అంకెల్లో చివరి నాలుగూ చదవండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఆర్వీ టైర్లు అరగకముందే ముసలివవుతాయి. పైకి గీతలు నిక్షేపంగా కనిపిస్తున్నా, ఆరేడేళ్ళు దాటిన టైరైతే మార్చమని అడగడానికి మొహమాటపడకండి.

ఫ్రిజ్‌ని ముందురోజు రాత్రే ఆన్ చేసి ఉంచమనండి. గ్యాసుతో నడిచే పాతరకం ఫ్రిజ్ చల్లబడటానికి గంటలకి గంటలు తీసుకుంటుంది. పొద్దున ఆన్ చేసి మధ్యాహ్నం పెరుగు పెడితే సాయంత్రానికి అది పెరుగు కాదు.

మీ వెంట ఒక సంచి

చౌకరకం మల్టీమీటరు. బ్లేడు ఫ్యూజుల డబ్బా (10 ఆంపులది ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ). సర్దుబాటు పానా. చదరపు మొన స్క్రూడ్రైవరు కూడా, ఎందుకంటే ఆర్వీలో సగం స్క్రూలు మన ఇంట్లో ఉండే ప్లస్ రకం కావు. గొట్టానికి రబ్బరు వాషర్లు, టెఫ్లాన్ టేపు, డక్ట్ టేపు, జిప్ టైలు, తలకి కట్టుకునే లైటు, రబ్బరు గ్లవ్స్. నీళ్ళ గొట్టానికి పెట్టే ప్రెషర్ రెగ్యులేటరు బండితో ఇవ్వకపోతే కొనండి. కొన్ని క్యాంప్‌గ్రౌండ్లలో నీళ్ళు ఎంత జోరుగా వస్తాయంటే లోపలి ప్లాస్టిక్ జాయింట్లు ఊడిపోతాయి.

నడిపేటప్పుడు

బండి ఎత్తు కాగితం మీద రాసి స్టీరింగ్ దగ్గర అంటించండి. పదకొండు పన్నెండు అడుగులుంటుంది. డ్రైవ్ త్రూ కాఫీ ఇక మర్చిపోండి. కుడికి తిరిగితే వెనక భాగం ఎడమకి ఊగుతుంది, పెట్రోలు బంకు స్తంభాలకి తగిలేది అదే. పెట్రోలు పోసేముందు గ్యాసు వాల్వు కట్టేయండి. అంతే, మిగతాది పెద్ద వ్యాను నడిపినట్టే.

చోటుకి చేరాక, ఈ వరసలోనే

ముందు ఒకరు కిందికి దిగి చెట్టుకొమ్మలు చూడాలి. మా ఇంట్లో ఆ పని మా ఆవిడది. ఆవిడ అద్దంలో కనిపించకపోతే నేను బ్రేకు మీదనుంచి కాలు తీయను, అది మా ఒప్పందం.

తర్వాత చదును. ఫోన్‌లో లెవెల్ యాప్ తెరిచి నేలమీద పెట్టండి. ఏ పక్క పల్లంగా ఉందో ఆ పక్క చక్రాల కింద ప్లాస్టిక్ బ్లాకులు పెట్టి ఎక్కించండి. నిద్రలో దొర్లకుండా ఉండటం కోసమే ఇది అనుకోకండి. గ్యాసు ఫ్రిజ్‌లో మోటారు ఉండదు, లోపలి ద్రవం దాని బరువుకి అదే దిగుతూ తిరగాలి. బండి ఒరిగితే అది నిలిచిపోతుంది, ఫ్రిజ్ ఆగిపోతుంది.

కరెంటు ఉన్నచోటైతే స్తంభం దగ్గర బ్రేకరు ఆఫ్ చేసి, ప్లగ్గు పెట్టి, అప్పుడు ఆన్ చేయండి. 30 ఆంపుల కనెక్షన్ అంటే 120 వోల్టుల మీద మొత్తం 3600 వాట్లు. ఏసీ 1500 దాకా లాగుతుంది, మైక్రోవేవ్ ఇంకో 1500. పైన వాటర్ హీటర్ని కరెంటు మీద పెడితే బ్రేకరు పడిపోతుంది. అది రిపేరు కాదు, కూడిక.

నీళ్ళు తర్వాత. చివర మురుగు గొట్టం. బ్లాక్ వాల్వు మాత్రం ఎప్పుడూ మూసే ఉంచండి. గొట్టం తగిలించాం కదా అని తెరిచి వదిలేస్తే నీళ్ళన్నీ పోయి గట్టిది ట్యాంకులోనే పేరుకుంటుంది. ట్యాంకు సగానికి పైగా నిండాక ముందు బ్లాక్ తెరవాలి, అది మూశాక గ్రే తెరవాలి. స్నానాల నీళ్ళు వచ్చి గొట్టాన్ని కడిగిపెడతాయి.

ఏదో ఒకటి ఆగిపోయినప్పుడు

రెండేళ్ళ కిందట మా నాన్న రాజమండ్రి దగ్గరి పల్లె నుంచి వచ్చి మాతో ఉన్నారు. ఆ ఆగస్టులో గూస్‌బెర్రీలో రెండో పొద్దున. కుళాయి తిప్పితే పంపు గుర్రుమని తిరుగుతోంది, కుళాయిలోంచి తుస్సుమని గాలి తప్ప చుక్క లేదు. నేను అద్దె కంపెనీ నంబరు వెతుకుతున్నాను. ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టి చెవి గోడకి ఆనించి విన్నారు.

"మోటారు గాలి పీలుస్తోందిరా. దీనికి ఫుట్‌వాల్వ్ ఎక్కడుంది?"

ముప్పయ్యేళ్ళు పొలానికి నీళ్ళు తోడిన మనిషి. బావిలో గొట్టం అడుగున ఉండే ఫుట్‌వాల్వ్ ఆర్వీలో ఏముంటుంది అనబోయి మంచం పలక ఎత్తాను. పంపు ముందు గాజులా కనిపించే చిన్న ప్లాస్టిక్ గిన్నె ఉంటుంది. చెత్త పంపులోకి పోకుండా అందులో జల్లెడ ఉంటుంది. ఆ గిన్నెలో నీళ్ళు పావువంతే ఉన్నాయి, బుడగలు గిరగిరా తిరుగుతున్నాయి. ట్యాంకు మీటరేమో ఇంకా మూడో వంతు ఉందంటోంది. నాన్న బయటికి వెళ్ళి బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "ఎడమ పక్కకి ఒరిగించి పెట్టావు. నీళ్ళన్నీ అటు పోయాయి, నీ గొట్టం ఇటుంది" అన్నారు. ముందు రాత్రి వర్షంలో వచ్చాం. బ్లాకులు పెట్టే ఓపిక లేక అలాగే పడుకున్నాం. ఎడమ చక్రాల కింద రెండేసి బ్లాకులు పెట్టి ఎక్కిస్తే నిమిషంలో నీళ్ళొచ్చాయి. ఆయన కాఫీ ఇంకా వేడిగానే ఉంది.

మీకూ అలా జరిగితే చూడవలసిన వరస: పంపు శబ్దమే లేకపోతే ఫ్యూజు చూడండి, తర్వాత బ్యాటరీ. శబ్దం ఉండి నీళ్ళు లేకపోతే ట్యాంకు, ఒరుగు, ఆ గిన్నెలో చెత్త, గిన్నె మూత బిగువు. ఏ కుళాయీ తిప్పకుండానే పంపు మధ్యమధ్య గుర్రుమంటుంటే ఎక్కడో కారుతున్నట్టు. ముందు టాయిలెట్ దగ్గర, తర్వాత సింకు కింద తడిమి చూడండి.

బ్యాటరీ సంగతి. మల్టీమీటరు పెడితే 12.6 వోల్టులు వస్తే నిండుగా ఉన్నట్టు, 12.1 అంటే సగం అయినట్టు. మామూలు లెడ్ బ్యాటరీని సగం కంటే కిందికి దించితే దాని ఆయుష్షు తగ్గుతుంది. చలిరాత్రి గ్యాసు హీటర్ నడుస్తున్నా దాని ఫ్యాను బ్యాటరీ మీదే తిరుగుతుంది. పొద్దునకల్లా మంట వెలిగించే కరెంటు కూడా మిగలదు. మా మొదటి ట్రిప్పులో హీటర్ పోయిందనుకుని వణికింది ఇందుకే. హీటర్ని తక్కువలో పెట్టి దుప్పట్లు ఎక్కువ కప్పుకోండి.

జనరేటరు స్టార్ట్ కాకపోతే డ్యాష్‌బోర్డులో పెట్రోలు ముల్లు చూడండి. క్లాస్ సీ బండ్లలో జనరేటరు బండి ట్యాంకులోంచే పెట్రోలు తాగుతుంది, సుమారు పావు ట్యాంకు దగ్గర దానికి అందకుండా గొట్టం కట్ చేసి ఉంటుంది. అడవిలో ఇరుక్కుపోకుండా అలా పెట్టారు. సగం ప్లగ్గులు పనిచేయకపోతే బాత్రూంలోనో సింకు పక్కనో ప్లగ్గు మీద రీసెట్ బటన్ ఉంటుంది, నొక్కండి. స్లయిడ్ సగంలో ఆగితే బలవంతం చేయకండి. ముందు బ్యాటరీ, తర్వాత ఫ్యూజు, అప్పుడు పానా. ఒకసారి ఫ్యూజు మార్చాక మళ్ళీ వెంటనే కాలిపోతే మాత్రం పెద్ద నంబరు ఫ్యూజు పెట్టబోకండి, తీగలు కాలతాయి. అప్పుడు పిలవాల్సిందే మెకానిక్‌ని. గ్యాసు వాసన వచ్చినా అంతే: వాల్వు కట్టేసి, అందరూ బయటికి వచ్చేసి, ఆ తర్వాత ఫోన్.

వంట: మనకి మాత్రమే ఉండే సమస్యలు

రైస్ కుక్కర్ తీసుకెళ్ళని తెలుగు ఆర్వీ ఉండదు. కరెంటు లేనిచోట అది పనిచేయదు. 100 ఆంప్ అవర్ల బ్యాటరీలో మీరు వాడదగ్గది సగం, అంటే 600 వాట్ అవర్లు. 600 వాట్ల కుక్కర్ అరగంట తిరిగితే అందులో సగం పోతుంది. అదీ బండిలో ఇన్వర్టరు ఉంటేనే. గ్యాసు మీద చిన్న ప్రెషర్ కుక్కర్ పెట్టుకోవడం మేలు.

పోపు లోపల వేయకండి. ఎండుమిర్చి వేగగానే పొగ అలారం మోగుతుంది, క్యాంప్‌గ్రౌండ్ అంతా లేస్తుంది. దాని బ్యాటరీ పీకేయాలన్న ఆలోచన రానివ్వకండి. పక్కనే ఉండే కార్బన్ మోనాక్సైడ్ అలారం, నేల దగ్గర ఉండే గ్యాసు అలారం మీ ప్రాణాలకి కాపలా. బయట బల్లమీద చిన్న స్టవ్ పెట్టుకుని పోపు వేసుకోండి. తిన్నాక బల్లమీద ఏమీ వదలకండి, అక్కడ నల్ల ఎలుగులున్నాయి. కట్టెలు ఇంటి దగ్గరనుంచి మోసుకెళ్ళకుండా అక్కడే కొనండి. ఆష్ చెట్లని తినేసే పురుగు కట్టెల్లోనే ఊళ్ళు తిరుగుతోంది.

కనూ

బండి మీద కనూ కట్టే ఆలోచన మానుకోండి. పైన ఏసీ ఉంటుంది, కప్పు మెత్తటి రబ్బరు పొరది. గన్‌ఫ్లింట్ వెంబడి సరస్సుల ఒడ్డునే కనూలు అద్దెకిచ్చేవాళ్ళున్నారు. అల్యూమినియంది చౌక, రాయికి తగిలితే ఊరంతా వినిపిస్తుంది. కెవ్లార్ అనే తేలికపాటి గట్టి నారతో చేసింది 17 అడుగులుండీ 45 పౌన్ల లోపే తూగుతుంది, ఒక్కరే భుజాన పెట్టుకోవచ్చు. పిల్లలతో మొదటిసారైతే అల్యూమినియమే నయం. సుపీరియర్‌లో మాత్రం కనూ దించకండి. ఆ నీళ్ళు జూలైలో కూడా ఒళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి, అలలు సముద్రంలా లేస్తాయి.

గన్‌ఫ్లింట్‌ని ఆనుకుని ఉన్న బౌండరీ వాటర్స్ అంటే పది లక్షల ఎకరాలకి పైగా అడవి, వెయ్యికి పైగా సరస్సులు. 1978 చట్టం వల్ల చాలా సరస్సుల్లో మోటారు పడవలు లేవు. పగటిపూట వెళ్ళి వచ్చేయడానికి పర్మిట్ ఉచితం, ప్రవేశం దగ్గర ఫారం మీరే నింపుకోవచ్చు. రాత్రి ఉండాలంటే మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా కోటా ఉంటుంది, ముందే బుక్ చేయాలి. గుంపుకి 9 మంది, 4 పడవలు దాటకూడదు. తిండిపదార్థాలు సీసాల్లో, డబ్బా టిన్నుల్లో తీసుకెళ్ళకూడదు. ఆవకాయ సీసా బండిలోనే ఉండాలి, కావలసినంత ప్లాస్టిక్ డబ్బాలోకి తీసుకోండి.

ఎక్కడం ఇలా: కనూ పూర్తిగా నీళ్ళమీద తేలాలి, సగం రాయి మీద ఉండకూడదు. ఒకరు పట్టుకుంటే ఇంకొకరు నడుం వంచి, రెండు చేతులూ రెండు అంచుల మీద వేసి, అడుగు సరిగ్గా మధ్యలో పెట్టాలి. బరువు, నేర్పు ఉన్నవాళ్ళు వెనక. పిల్లలు మధ్యలో అడుగున కూర్చోవాలి. పదేళ్ళలోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకోవడం మిన్నెసోటా చట్టం. పెద్దలకి పడవలో ఉంటే చాలంటుంది చట్టం. నేను మాత్రం జిప్పు వేసుకోకుండా ఎవర్నీ ఎక్కనివ్వను.

తెడ్డు పై చెయ్యి పిడి మీద ఉండాలి, కర్రని కర్రలా పట్టుకోకండి. ముందున్నవారు, వెనకున్నవారు చెరో పక్కన వేయాలి, ఒకేసారి. చేతులతో లాగితే పావుగంటలో భుజాలు పోతాయి, నడుం తిప్పుతూ వేయండి. మేమిద్దరం మొదటి రోజు అరగంట గుండ్రంగా తిరిగాం. ఒడ్డున కూర్చున్న మా నాన్న "గోదాట్లో గేదెలు మీకంటే తిన్నగా పోతాయి" అన్నారు. మాకు తెలియని కిటుకు ఒక్కటే: వెనకున్న మనిషి ప్రతి దెబ్బ చివర తెడ్డుని కాస్త బయటికి తోయాలి. బొటనవేలు కిందికి తిరిగేలా మణికట్టు తిప్పి, పడవ నుంచి పక్కకి చిన్న నెట్టు. జె స్ట్రోక్ అంటారు. అది వచ్చాక పడవ గీత గీసినట్టు పోతుంది.

పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి వచ్చేయండి, గాలి మధ్యాహ్నమే లేస్తుంది. లేస్తే ఒడ్డు వెంబడి రండి, అలలుంటే మోకాళ్ళమీద కూర్చోండి. బోల్తా పడితే ఈదుకుంటూ ఒడ్డుకి పోవద్దు. పడవ మునగదు, దాన్నే పట్టుకోండి. ఫోన్‌కి సిగ్నల్ ఉండదు, కాగితం మ్యాపు కొనుక్కోండి. అందులో పోర్టేజ్‌ల పొడవు రాడ్‌లలో ఉంటుంది. పోర్టేజ్ అంటే ఒక సరస్సు నుంచి ఇంకోదానికి పడవ మోసుకుపోయే కాలిబాట. ఒక రాడ్ పదహారున్నర అడుగులు, ఇంచుమించు మీ కనూ పొడవు. పిల్లలతో నలభై రాడ్‌ల లోపు చాలు.

రాయికి తగిలి చీలిక వస్తే ఒడ్డుకి లాగి బోర్లించి, పూర్తిగా ఆరనిచ్చి, చీలికకి నాలుగు వైపులా రెండేసి అంగుళాలు దాటేలా బయటినుంచి డక్ట్ టేపు వేయండి. తడిమీద అంటదు. మేము తెడ్డు కర్రకే పది చుట్లు టేపు చుట్టి ఉంచుతాం, వెతుక్కోనక్కర్లేకుండా. ఇంకో తెడ్డు కూడా వేసుకోండి.

తిరుగు దారిలో

ట్యాంకులు క్యాంప్‌గ్రౌండ్‌లోనే ఖాళీ చేసేయండి. ఖాళీ చేయకుండా ఇస్తే అద్దె కంపెనీలు వేసే జరిమానా ఎక్కువ. పెట్రోలు తీసుకున్నంత నింపాలి, జనరేటరు నడిపిన గంటలు మీటర్లో ఫొటో తీసుకోవాలి. సింకు జల్లెడలో అన్నం మెతుకులు తీసేయండి. పసుపు మరకలుంటే గ్రాండ్ మరేలోనే తుడవండి, మినియాపొలిస్ వచ్చేసరికి అవి పోవు. తాళాలు ఇచ్చేముందు, మొదటిరోజు తీసినట్టే బండి చుట్టూ, పైకప్పు కింద అంచులతో సహా, ఇంకో వీడియో తీసుకోండి.